గరగ తిరిగేచోట

పూణె,
2025 జనవరి 19, ఆదివారం.

మావయ్యకూ అత్తయ్యకూ దణ్ణం పెట్టుకుని మొదలుపెడుతున్నాను.

మావయ్యా, ఫోన్ చేస్తే మీకు వినబడదు. వాట్సాప్‌లో రాస్తే అక్షరాలు చీమల్లా ఉన్నాయని విసుక్కుంటారు. అందుకే మాటిచ్చిన ప్రకారం కాగితం మీద రాస్తున్నాను. ఏ తేదీకి ఏ ఊళ్ళో ఉంటామో, ఏ హోటల్లో దిగుతామో జాబితా ఈ కవర్లోనే పెట్టాను. జవాబు రాసేటప్పుడు వచ్చే వారం ఊరికి వేయండి. లేకపోతే మీ ఉత్తరం చేరేసరికి నేను గది ఖాళీ చేసేసి ఉంటాను.

టూర్ అంటే రోజంతా ఏం చేస్తారే అని అత్తయ్య అడిగారు కదా, నిన్నటి రోజు చెబుతాను. పొద్దున్న పదింటికి లారీ వచ్చింది. అందులో పెట్టెలు పదిహేడు, నావి ఆరు. కాలితో కొట్టే కిక్ డ్రమ్ము, ఒడి దగ్గరుండే స్నేర్, మూడు టామ్‌లు, నాలుగు సింబల్స్. మీరు వాటిని ఇత్తడి పళ్ళేలన్నారు, మా బ్యాండులో ఇప్పుడు అందరూ అదే పేరుతో పిలుస్తున్నారు. స్టేజీ మీద పాత తివాచీ పరిచి దాని మీద బిగిస్తాను. తివాచీ లేకపోతే కొట్టేకొద్దీ డ్రమ్ములు ముందుకు జారిపోతాయి. కిక్ డ్రమ్ము లోపల ఒక దుప్పటి మడిచి కుక్కుతాను, మోత తగ్గి దెబ్బ మాత్రం వినపడాలని. తర్వాత మూడు గంటలు సౌండ్ చెక్. సౌండతను చాలు అనేదాకా ఒకే డ్రమ్మును ఒకేలా కొడుతూ కూర్చోవాలి. ఆ పని ముందు నాట్లు వేయడం నయం.

వాయించేటప్పుడు నా చెవుల్లో ఇయర్‌ఫోన్లుంటాయి. వాటిలో క్లిక్ అని ఒకటి గడియారంలా టిక్కు టిక్కుమంటూ ఉంటుంది. అది నాకు తప్ప ఎవరికీ వినపడదు. దాన్ని దాటకూడదు, దానికి వెనకబడకూడదు. రెండు గంటలూ అదే నా యజమాని.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. మా కచేరీ మొదలయ్యేది మీ డోలుతోనే! దసరాకి వచ్చినప్పుడు కొబ్బరికాయల గొడౌన్లో బొంతలు వేలాడదీసి మీ వాయింపు రికార్డు చేశాను కదా. కర్ర పడే వైపు ఒక మైకు, చెయ్యి పడే వైపు ఒకటి, దూరంగా కాయల రాశి మీద ఇంకొకటి. అది ఇప్పుడు నా పక్కనున్న ప్యాడ్‌లో ఉంది. హాల్లో దీపాలు ఆర్పేశాక ఆ ప్యాడ్ మీద కర్రతో ఒక్కసారి తాకుతాను. మీరు వాయించడం మొదలుపెడతారు. నిన్న నాలుగు వేలమంది లేచి నిలబడ్డారు మావయ్యా. మా బ్యాండు నడిపే రామ్‌ప్రసాద్‌గారు, "ఎవరండీ ఈ పెద్దాయన?" అని అడిగితే, "నాకు వాయించడం నేర్పిన మా మేనమామ చలపతిగారు" అన్నాను.

మార్చి పదహారున మన ఊళ్ళో అమ్మవారి జాతరకి, తీర్థానికి తప్పకుండా వస్తాను. అమలాపురంలో అమ్మతో కూడా చెప్పాను.

మీ
దుర్గాశ్రీ


రాజోలు దగ్గర మన లంక,
29-1-2025.

దుర్గమ్మా, చల్లగా ఉండు.

నీ ఉత్తరం అందింది. నాలుగు వేలమంది లేచి నిలబడ్డారన్న ముక్క మీ అత్తకు మూడుసార్లు చదివి వినిపించాను. మూడోసారి, "చెవులు లేనిది మీకండీ, నాకు కాదు" అంది.

ఇక్కడ చలి బాగానే ఉంది. గోదారి మీద పొద్దున్న ఎనిమిదింటిదాకా మంచు. ఏరు దాటించే పంటు ఆలస్యంగా కదులుతోందని జనం గోల. నేను సరంగుగా ఉన్న రోజుల్లో మంచులో కూడా ఆ ఒడ్డు వాసన చూసి నడిపేవాణ్ణి. ఇప్పుడు కొత్తగా వచ్చినాయన మంచివాడే కానీ భయస్తుడు.

నీకొక సంగతి చెప్పాలి. మీ అత్తకు కూడా పూర్తిగా చెప్పలేదు. మొన్న వానాకాలం నుంచి ఎడమ చెవి అసలే లేదు. కుడి చెవికి వినపడేది ఏటికి అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు. చెవి మిషను పెట్టుకుంటే జనంలో అంతా నూనెలో పోపు వేగినట్టుంటుంది, తీసి డబ్బాలో పెట్టేశాను. అప్పలరాజు గరగ ఎత్తడం ఈ ఏడాదికి పదహారోసారి. తల మీద అమ్మవారి ఘటం పెట్టుకుని వాడు అడుగు వేసేది నా దెబ్బకి. నాకు వినపడకపోయినా పరవాలేదు, వాడి కాళ్ళు చూసి కొడతాను. సన్నాయివాళ్ళు పాటలో ఎక్కడ ఉన్నారో మాత్రం తెలియడం లేదు. కిందటేడు, ఇంకా కాస్త వినపడే రోజుల్లోనే, రెండుచోట్ల తప్పిపోయి, రమణ మొహం చూసి సర్దుకున్నాను. (వీరవెంకటరమణ, మీ అత్త అన్నగారి కొడుకు. పగలు రొయ్యల చెరువు చూసుకుంటూ నా పక్కన రెండో డోలు వాయిస్తున్నాడు. వాడికి కొట్టడం వచ్చు, చూడటం రాదు.)

నువ్వు పక్కన నిలబడితే సన్నాయి ఎక్కడుందో కంటితో సైగ చేస్తావు. ఇంకెవరి సైగా నేను నమ్మను. చెవి మందమని ఊరికి తెలుసు, ఇంతగా పోయిందని తీర్థం కమిటీకి తెలిస్తే నన్ను కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పుతారు. దానికంటే గోదాట్లో దిగడం మేలు.

అందుకని రావాలి. పదిహేనో తేదీకే వచ్చెయ్.

నీ మావయ్య
చలపతి


కోయంబత్తూరు,
2025 ఫిబ్రవరి 8.

మావయ్యా, కోపగించుకోకుండా చదవండి.

మీ ఉత్తరం చేతిలో పట్టుకుని రెండు రోజులుగా తిరుగుతున్నాను. మార్చి పదహారో తేదీన హైదరాబాద్‌లో ఆఖరి కచేరీ కొత్తగా వేశారు. టిక్కెట్లు కూడా పెట్టేశారు. డ్రమ్మర్ లేకుండా కచేరీ లేదు, నా బదులు కూర్చోవడానికి ఈ పాటలన్నీ వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. బ్యాండులో ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఒక్కసారి రానంటే, "అదుగో, ఇంటి పనులు మొదలయ్యాయి" అంటారు. ఈ కుర్చీలో కూర్చోవడానికి నాకు పదకొండేళ్ళు పట్టిందని మీకు తెలుసు.

ఇక్కడ బస్సులోనే బతుకు. వేళ్ళు పగిలి టేపు చుట్టుకుని వాయిస్తున్నాను. కర్రలు కచేరీకి రెండు జతలు విరుగుతున్నాయి. సముద్రం పక్క ఊళ్ళలో చర్మాలకి తేమ పడుతుందని మీరు డోలును ఎండలో పెట్టేవారు. నావి ప్లాస్టిక్కువి, అయినా ఊరు మారితే గొంతు మారిపోతున్నాయి. తాళం చెవిలాంటి దానితో మరలు బిగిస్తూనే ఉండాలి.

చెవి సంగతి చదివి భయం వేసింది. ఓపిక లేకపోతే ఈ ఏడాది బలవంతంగా వాయించకండి మావయ్యా. హాయిగా కూర్చోండి. మీ వాయింపు ఎక్కడికీ పోదు, అది నా దగ్గర భద్రంగా ఉంది. నేను లేకపోయినా మీరు లేకపోయినా ఆ డోలు మోగుతూనే ఉంటుంది.

ఏప్రిల్‌లో వచ్చి నెల రోజులు ఉంటాను.

దుర్గాశ్రీ


లంక,
9-2-2025.

దుర్గాశ్రీకి.

మొన్న ఏడో తేదీ సాయంత్రం కాలవ అవతలివాళ్ళ పెళ్ళి ఊరేగింపు మన వీధిన వచ్చింది. వ్యాను మీద ఆరు బాక్సులు. నాకు అవి వినపడవు, ఛాతీకి తగులుతాయి. వ్యాను మన అరుగు ముందు ఆగింది. ఏదో తెలిసిన దెబ్బ ఛాతీకి తగిలింది. లేచి వెళ్ళి బాక్సు మీద అరచెయ్యి ఆనించాను.

అది నేను. కొబ్బరికాయల గొడౌన్లో కూర్చుని వాయించిన నేను. కుడి కర్ర కాస్త పక్కకి వాలి పడే దెబ్బ నాది తప్ప ఈ జిల్లాలో ఎవరికీ లేదు. నా చుట్టూ కుర్రాళ్ళు గెంతుతున్నారు. వ్యాను తోలే అతన్ని అడిగితే ఫోను చూపించాడు. "కోనసీమ డోలు" అని రాసి ఉంది. నా పేరు లేదు, నీ పేరూ లేదు. ఆ ముక్క ఇప్పుడు డీజేలందరి దగ్గరా ఉందట.

మరునాడు కమిటీ ప్రెసిడెంటు నారాయణమూర్తి ఇంటికొచ్చాడు. మీ అత్త నా కుడి చెవి దగ్గర నిలబడి ఒక్కో మాటా అరిచి చెప్పింది.

"ఈ ఏడాది డీజే వ్యాను మాట్లాడేమండి. అందులో మీ డోలే ఉందంట కదండి! మీరెందుకండి ఎండలో కష్టపడ్డం? కుర్చీ వేయిస్తాం, కూర్చుని చూద్దురుగాని. ఆయ్, సన్మానం కూడా పెట్టేమండి."

"అప్పలరాజు ఏమన్నాడు?" అని అడిగాను.

"ఆడు చేపల వేట నుంచి రాలేదండి. దేనికైనా అడుగేస్తాడు లెండి, పదారేళ్ళ అలవాటు."

నాకు రెండు ప్రశ్నలకి జవాబు కావాలి. ఒకటి, నన్ను వాళ్ళ చేతికి ఇచ్చింది నువ్వేనా? రెండు, నాలుగో వరస చివరి దెబ్బకి ముందు నేను చెయ్యి ఆపుతాను. కనురెప్ప వేసి తెరిచేంతసేపు. బాక్సులో ఆ ఆగడం లేదు. మూడుసార్లు అరచెయ్యి పెట్టి చూశాను, లేదు. అక్కడ వాయించింది ఎవరు?

చలపతి


లంక,
15-2-2025.

దుర్గాశ్రీకి.

నీ ఎనిమిదో తేదీ ఉత్తరం నిన్న అందింది. "మీరు లేకపోయినా ఆ డోలు మోగుతూనే ఉంటుంది" అని రాశావు. నారాయణమూర్తి కూడా అదే చెప్పాడు. ఇద్దరూ కలిసి అనుకున్నారో, ఎవరికి వారే అనుకున్నారో నాకు తెలియదు.

డోలు విప్పేశాను. తాళ్ళు, మూతలు విడివిడిగా అటక మీద పెట్టాను.

నువ్వు రావద్దు. రాయవద్దు.

చలపతి


మైసూరు,
2025 ఫిబ్రవరి 23.

మావయ్యా,

రాయవద్దన్నారు. ఈ ఒక్కటీ చదివి చింపెయ్యండి.

మీ ఉత్తరాలు రెండూ నిన్న ఒకేసారి అందాయి. తొమ్మిదో తేదీది పాత హోటల్‌కు వెళ్ళి, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చింది. నేను ఎనిమిదిన రాసినప్పుడు నాకు వ్యాను సంగతి, నారాయణమూర్తిగారి సంగతి ఏమీ తెలియదు. అమ్మ మీద ఒట్టు. మీ ఒంటి గురించి బెంగపడి రాశాను. కానీ మళ్ళీ చదువుకుంటే ఆ మాట నాకే ముల్లులా గుచ్చుకుంది.

మీ ఉత్తరం పట్టుకుని నేరుగా రామ్‌ప్రసాద్‌గారి గదికి వెళ్ళాను.

"మా మావయ్య డోలు డీజేల ఫోన్లలోకి ఎలా వెళ్ళిందండీ?" అని అడిగాను.

"సంగీతం చేసుకునేవాళ్ళకని ఒక కట్ట నెట్లో విడుదల చేశాం. టూర్‌లో వాడే శబ్దాలన్నీ అందులో ఉన్నాయి" అన్నారు.

"నాతో ఒక్కమాట చెప్పలేదేం?"

"డిసెంబర్లో అందరూ కాగితం మీద సంతకం పెట్టారు. మీరూ పెట్టారు. చూపించమంటారా?"

చూపించారు. అది నా సంతకమే. ఎయిర్‌పోర్టులో పెట్టెలు ఎక్కిస్తూ, చదవకుండా పెట్టాను. ఫైలుకు "కోనసీమ డోలు" అని పేరు పెట్టింది కూడా నేనే. "చలపతిగారి డోలు" అని రాయడానికి ఎంతసేపు పడుతుంది? మీ మొదటి ప్రశ్నకు జవాబు అదే. మిమ్మల్ని వాళ్ళ చేతికి ఇచ్చింది నేనే. తెలిసి ఇవ్వలేదు, కానీ ఇచ్చాను. దాన్ని వెనక్కి తెప్పించండి అని అడిగాను. "విడుదలైనదాన్ని ఎవరి ఫోన్లోంచి తీస్తాం?" అన్నారు. అది నిజమే. అదే నాకు ఎక్కువ భయంగా ఉంది.

రెండో ప్రశ్నకు జవాబు రాయడానికి చెయ్యి రావడం లేదు. అక్కడ వాయించింది మీరే. సరిచేసింది నేను. కంప్యూటర్లో మీ వాయింపు గీతల్లా కనిపిస్తుంది. ఏ దెబ్బ ఎక్కడ పడిందో వెంట్రుకవాసి తేడాతో సహా తెలుస్తుంది. క్లిక్‌తో పోలిస్తే నాలుగో వరస చివరి దెబ్బ ప్రతిసారీ ఆలస్యంగా పడింది. చెవుల మూలంగా మీకు తాళం జారుతోందనుకున్నాను. ఎవరికీ తెలియకుండా దాచాలనుకున్నాను. ఆ దెబ్బల్ని ఒక్కొక్కటిగా ముందుకు జరిపి గీత మీద కూర్చోబెట్టాను. మీ పరువు కాపాడుతున్నాననుకుంటూ చేశాను మావయ్యా.

నిన్న కచేరీలో ప్యాడ్ ముట్టుకోలేదు. దీపాలు ఆరాక మీ వరస నా చేతులతో టామ్‌ల మీద వాయించాను. రామ్‌ప్రసాద్‌గారు తర్వాత వచ్చి, "రేపటి నుంచి డోలు ఉండాలి. లేదంటే కుర్చీలో వేరేవాళ్ళుంటారు" అన్నారు. ఏం చెయ్యాలో ఇంకా తెలియడం లేదు.

దుర్గాశ్రీ


లంక,
2-3-2025.

దుర్గా,

రాయవద్దన్నా రాశావు. చింపమన్నావు, చింపలేదు.

సంతకం సంగతి వదిలెయ్. పంటు మీద పని చేసిన ముప్ఫై ఎనిమిదేళ్ళలో నేను కూడా చదవకుండా చాలా వాటి మీద పెట్టాను. రెండోదే నిద్ర పట్టనివ్వడం లేదు.

అప్పలరాజు కాలవ వంతెన దగ్గర గోదారి వైపు తిరిగి మూడు చుట్లు తిరుగుతాడు. తల మీద గరగ, చేతులు పైకి. ఎడమ మడమ నేలకి ఆనించి దాని మీద ఒళ్ళంతా తిప్పుతాడు. ఆ మడమ ఆనేదాకా చివరి దెబ్బ పడకూడదు. ముందు పడితే కాలు ఆనకుండానే ఒళ్ళు తిరుగుతుంది. అందుకని ఆగుతాను. మా నాన్న ఆగేవాడు. ఆయనకి రెండు చెవులూ పాము చెవులు.

గొడౌన్లో అప్పలరాజు లేడు. అయినా నా కళ్ళ ముందు వాడి కాళ్ళున్నాయి. వాటి కోసం ఆగాను. నువ్వు ఆ గీతలు చూసి, చెవిటివాడు తాళం తప్పాడనుకున్నావు. ఎదురుగా కూర్చున్నావు కదమ్మా, "ఇక్కడెందుకు ఆగేరు మావయ్యా" అని ఒక్క ముక్క కాగితం మీద రాసి చూపిస్తే ఏం పోయింది? లోకమంతా నన్ను చెవిటివాడనుకోవడం వేరు, నువ్వనుకోవడం వేరు.

ఇప్పుడు ఆ వ్యానులో ఆగడం లేని డోలు ఉంది. వాడు దానికి తిరగాలి. ఇది నాకు నిన్నటిదాకా తట్టలేదు. తట్టినప్పటినుంచి అన్నం సయించడం లేదు. గరగ జారితే వాడి మెడ ఏమవుతుందో, ఊరు ఎన్నేళ్ళు భయపడుతుందో నీకు చెప్పనక్కర్లేదు. నారాయణమూర్తికి చెబితే, డోలు దక్కలేదన్న కడుపుమంట అనుకుంటాడు. నేను వెళ్ళి చెప్పను.

చలపతి


హైదరాబాద్,
2025 మార్చి 9.

మావయ్యా,

మీ ఉత్తరం చదివిన గంటకే నారాయణమూర్తిగారికి ఫోన్ చేశాను. చుట్లు తిరిగేచోట డోలు ఆగాలని, రికార్డులో ఆ ఆగడం నేనే తీసేశానని, తప్పు నాదేనని చెప్పాను.

"ఆయ్, అర్థమైందండి. మీ మావయ్యగారిమీద అభిమానం ఉంటదండి, ఎందుకుండదు? వ్యానుకి మాటిచ్చేసేమండి. మీరేం కంగారు పడకండి" అన్నారు. నేను మీ తరఫున బతిమాలుతున్నాననుకున్నారు. ఎంత గట్టిగా చెబితే అంత నవ్వారు. అప్పలరాజుగారి ఇంటికి చేస్తే వాళ్ళావిడ ఎత్తారు. బోటు సముద్రం మీదుందని, పదిహేనుకి గానీ ఒడ్డుకు రారని చెప్పారు. ఒడ్డుకు రాగానే నాతో మాట్లాడించమన్నాను.

నా దగ్గర అసలు రికార్డు, మీరు వాయించింది వాయించినట్టు, ఇంకా ఉంది. దాన్ని వ్యానుకు పంపిస్తే ప్రమాదం తప్పుతుందేమో. కానీ మిమ్మల్ని రెండోసారి పెట్టెలో పెట్టి పంపడానికి చెయ్యి రాలేదు. మీరు సరేనంటేనే పంపుతాను. లేదంటే నేనే వస్తాను. పదహారున నాకు కచేరీ లేదు. ప్యాడ్ తాకనన్నాను, కుర్చీ పోయింది. చెన్నై నుంచి ఒకతన్ని పిలిపించారు. నా పెట్టెలు ఆరూ లారీ దింపి ఇంటికి తెచ్చుకున్నాను. గదిలో అవి తప్ప కాలు పెట్టే చోటు లేదు. ఏడవలేదు, బాధ లేదని మాత్రం అనను.

రమ్మంటారా? రికార్డు పంపమంటారా? ఒక్క కార్డు ముక్క వెయ్యండి. అత్తయ్యకు ఫోన్ చేసి అడిగించను, ఆ మాట మీ చేతి రాతలోనే కావాలి. కార్డు రాకపోతే మీకు నా మొహం చూడాలని లేదనుకుంటాను. ఊళ్ళో అందరి ముందూ మిమ్మల్ని ఇబ్బంది పెట్టను.

దుర్గ


లంక,
18-3-2025, మంగళవారం.

అమ్మా దుర్గా,

మధ్యలో హోళీ, ఆ వెంటనే ఆదివారం వచ్చి నీ తొమ్మిదో తేదీ ఉత్తరం నిన్న, సోమవారం మధ్యాహ్నం అందింది. నువ్వు కార్డు కోసం చూశావు, నేను నీ మొహం కోసం చూశాను. పిలవకపోయినా వస్తావనుకున్నాను. రాలేదని పదహారో తేదీ పొద్దున్నంతా నిన్ను తిట్టుకున్నాను. కార్డు రాకపోతే రానని నువ్వు పంతం పట్టి కూర్చున్నావని నాకేం తెలుసు? ఈ కుటుంబంలో పంతానికి లోటు లేదు.

జరిగింది వరసగా చెబుతాను.

అప్పలరాజు బోటు ఆలస్యమై పదహారో తేదీ పన్నెండింటికి ఇల్లు చేరాడు. స్నానం చేసి, పసుపు పూసుకుని, నేరుగా గరగ దగ్గరికి వెళ్ళాడు. నీ ఫోను మాట వాళ్ళావిడ చెప్పిందిట, తీరుబడిగా మాట్లాడతానన్నాడుట. మూడింటికి ఊరేగింపు కదిలింది. నేను వెళ్ళలేదు. వీధి వైపు వీపు పెట్టి అరుగు మీద కూర్చున్నాను. వ్యాను దాటిపోతుంటే అరుగు అదిరింది. నా దెబ్బ నా నడుముకి తగులుతోంది. అంత అవమానం ఎప్పుడూ పడలేదు.

అరగంటకి మీ అత్త పరుగెత్తుకొచ్చి భుజం పట్టుకుంది. వంతెన దగ్గర మొదటి చుట్టులోనే అప్పలరాజు కాలు మెలిపడింది. మోకాలి మీద కూలబడ్డాడు. గరగ పక్కకి వాలితే రమణ, ఇంకో ఇద్దరు అందుకున్నారు. వేలెడు దూరంలో నేల తప్పింది. ఆడవాళ్ళు ఏడుపులు మొదలెట్టారు. వ్యాను ఆపించారు.

నారాయణమూర్తి వెనకాలే వచ్చాడు. చెమటలు కారుతున్నాయి. వాడు నోరు కదుపుతున్నాడు, మీ అత్త అరుస్తోంది.

"అప్పలరాజు లేచేడండి. గరగ మళ్ళీ ఎత్తుతానంటన్నాడండి. మీరొస్తేనే కదుల్తాడంటండి. రండి బాబూ, కాళ్ళకు దణ్ణం పెడతాను."

"నా డోలు విప్పేసి ఉంది" అన్నాను.

ఆ మాట అంటుంటే నాకు సంతోషం వేసింది. నిజం దాచను. ఏడవనియ్యి అనుకున్నాను. మీ అత్త నా మొహంలోకి చూసి, చెవిలో అరవకుండా, పెదవులతో ఒక్క మాట అంది. "అక్కడ అప్పలరాజండీ."

చెప్పులు వేసుకోకుండా వెళ్ళాను.

రమణ ఇంటి నుంచి తెప్పించిన తన డోలు నా మెడలో వేశాడు. అప్పలరాజు మోకాలికి తువ్వాలు కట్టి ఉంది, రక్తం ఊరుతోంది. గరగ ఎత్తాడు. నేను కొట్టాను, వ్యాను వెనక ఊరికే నడిచొస్తున్న సన్నాయివాళ్ళు అందుకున్నారు. పది అడుగులు బాగానే పడ్డాయి. అక్కడ సన్నాయివాళ్ళు పాటలో మలుపు తీసుకున్నారుట. నాకు తెలియలేదు. నేను పాత వరసలోనే ఉండిపోయాను. అప్పలరాజు కాళ్ళు ఎటు వెయ్యాలో తెలియక తడబడుతున్నాయి. తలెత్తి చూస్తే సన్నాయివాళ్ళ మొహాల్లో జాలి కనపడింది. దుర్గా, గొడౌన్లో నేను తప్పలేదు. వంతెన దగ్గర తప్పాను. ఊరంతా చూస్తుండగా తప్పాను.

డోలు తీసి రమణ మెడలో వేశాను. "నాకు వినపడదురా. నువ్వు కొట్టు. నేను చూస్తాను" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. దాచుకున్నదంతా ఆ ఒక్క మాటతో పోయింది. పోయాక ఇంత తేలికగా ఉంటుందని తెలియదు.

రమణకి ఎదురుగా, అప్పలరాజు కాళ్ళకి దగ్గరగా నిలబడి చెయ్యి పైకెత్తాను. మడమ ఆనేదాకా ఎత్తే ఉంచాను. ఆనగానే దించాను. రమణ కొట్టాడు. గరగ తిరిగింది. రెండో చుట్టుకి రమణ నా చెయ్యి చూడటం మానేసి అప్పలరాజు కాళ్ళే చూడసాగాడు. మూడో చుట్టుకి నేను చెయ్యి ఎత్తలేదు. రమణే ఆగాడు.

అప్పలరాజు మోకాలు వాచింది. రాజోలు తీసుకెళ్ళి కట్టు కట్టించారు, ఎముక విరగలేదు. నెల రోజులు బోటెక్కడానికి లేదు. నారాయణమూర్తి నిన్న వచ్చి చాలాసేపు కూర్చున్నాడు. నువ్వు ఫోన్ చేసి చెప్పిన సంగతి అప్పుడు బయటపెట్టాడు. "పాప ముందే చెప్పిందండి, నేనే తేలిగ్గా తీసుకున్నానండి" అన్నాడు. ఆ ముక్క నీ ఉత్తరంలో చదివినప్పుడు కంటే వాడి నోట విన్నప్పుడు మనసుకు ఎక్కువ ఆనింది. విన్నానంటే మీ అత్త అరిస్తే విన్నాననుకో.

అటక మీంచి డోలు దింపించాను. రమణ తాళ్ళు బిగిస్తున్నాడు. అది ఇక వాడిదే. ఆ డీజేల దగ్గరున్నది అక్కడే ఉంటుంది, దాన్ని నువ్వూ ఆపలేవు, నేనూ ఆపలేను. మన అమ్మవారి ముందు మాత్రం అది మోగదని కమిటీ చేత రాయించుకున్నాను. ఈసారి చదివి మరీ సంతకం పెట్టాను.

నీ కుర్చీ పోయినందుకు నాకు బాధగా ఉంది. నా మూలంగా పోయిందని అనను. నీ చేతిలో పని ఉంది, ఇంకో కుర్చీ దొరుకుతుంది. దొరికేదాకా ఇక్కడికి రా. పదకొండేళ్ళుగా చెవిలో ఆ టిక్కుటిక్కు పెట్టుకుని వాయిస్తున్నావు. మనిషి కాళ్ళు చూసి వాయించడం నీకు నేను నేర్పలేదు. అది నా తప్పు. అప్పలరాజు నడవగలిగాక నీకోసం ఉత్త కుండ ఎత్తుకుని తిరుగుతానన్నాడు.

నా కోపం పూర్తిగా పోయిందనుకోకు. ఇంకా సగం ఉంది. ఉత్తరంలో తిడితే నువ్వు ఏడుస్తున్నావో నవ్వుతున్నావో నాకు తెలియదు. అందుకని అట్టిపెట్టాను. వచ్చాక ఎదురుగా కూర్చోబెట్టి తిడతాను.

ఎప్పుడొస్తావో రాయకు, ఆ ఉత్తరం మళ్ళీ దారిలో ఉండిపోతుంది. బయల్దేరెయ్.

నీ మావయ్య